11 ఏళ్ళ కుక్క, నోరు భరించలేనంత కంపు. ముసలితనమేనా?

రాజా_వాళ్ళమ్మాయి
మా రాజాకి 11 ఏళ్ళు నిండాయి. చిన్న జాతి, 9 కిలోల బరువు. ఆరేడు నెలలుగా నోరు కంపు కొడుతోంది. మొదట్లో దగ్గరికొచ్చి ముఖం నాకితేనే తెలిసేది. ఇప్పుడు మంచం కింద పడుకుని ఆవలించినా గదంతా తెలుస్తోంది. నాన్న "ముసలోడయ్యాడు, అంతే" అని తేల్చేశారు.

నిన్న రాత్రి పై పెదవి ఎత్తి, టార్చి వేసి చూశాను. వెనక పెద్ద దవడ పన్ను కనపడాల్సిన చోట గోధుమ రంగు రాయిలా ఉంది. ఏది పన్నో ఏది గారో తెలీలేదు. దాని అంచున చిగురు ఎర్ర గీత గీసినట్టు వాచింది. వేలు తగిలీ తగలగానే తల వెనక్కి లాక్కున్నాడు.

తిండి మాత్రం మానలేదు. గిన్నె నాకి మరీ వదులుతున్నాడు. తింటున్నాడు కదా, నొప్పి లేదనుకోవచ్చా? ఈ వయసులో మత్తిచ్చి పళ్ళు శుభ్రం చేయించడమంటే నాకు గుండె దడ. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాతకాపు
"తింటున్నాడు కదా" అన్న దగ్గరే అందరం బోల్తా పడతాం. నొప్పి ఉన్నా కుక్క తింటుంది. తినడం మానేసే దాకా ఆగితే అప్పటికే చాలా ఆలస్యమైనట్టు. ఏ వైపు నములుతున్నాడో చూశారా? నమలకుండా మింగేస్తున్నాడా?

చిట్టి_తోక
మా చిట్టి సంగతి చెప్తా. నోటి నిండా తిండి తీసుకుని, గిన్నె పక్కన నేల మీద పెట్టి, ఒక్కొక్క ముక్కా ఏరుకుని తినేది. ఎంత పద్ధతిగా తింటోందో చూడండి అని వీడియోలు తీసి తెలిసిన వాళ్ళందరికీ పంపాం. ఏడాది పైనే మురిసిపోయాం. తర్వాత తెలిసింది, కింది దవడలో ఒక పన్ను కదులుతోందని, ముక్క దాని మీద పడకుండా చూసుకుంటోందని. ఆ వీడియోలు ఇప్పుడు చూడలేను. ఒకదాంట్లో అయితే తల కుడి వైపుకి వాల్చి నమలడం స్పష్టంగా కనపడుతోంది. మేమే తీసిన వీడియో, మాకే కనపడలేదు.

రాజా_వాళ్ళమ్మాయి
చిట్టి_తోక గారూ, మీ పోస్టు చదివాక వాడు తింటుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎడమ వైపు అస్సలు వాడట్లేదు. గట్టి ముక్క నోట్లోకి వస్తే కింద పడేసి మెత్తవి మాత్రం తిన్నాడు. రోజూ గిన్నె పెట్టేది నేనే, ఇన్నాళ్ళూ ఎలా చూడలేదో.

పాతకాపు
మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. గిన్నె పెట్టేసి మన పనిలో మనం పడిపోతాం. ఇప్పుడు చూశారు కదా.

వెట్_డైరీ
కుక్కలకి వైద్యం చెయ్యడం నా వృత్తి. చూడకుండా రోగం పేరు చెప్పకూడదు కానీ, మీరు రాసింది చదివితే చిగుళ్ళ జబ్బు బాగా ముదిరినట్టే ఉంది.

ఎదిగిన కుక్కకి 42 పళ్ళు. ప్రతి పంటి మీదా రోజూ పాచి పడుతుంది. పాచంటే బాక్టీరియా పొర. తుడవకపోతే లాలాజలంలో ఉన్న ఖనిజాలు చేరి రెండు మూడు రోజుల్లో గారగా గట్టిపడుతుంది. కుక్క లాలాజలానికి మనకంటే క్షారగుణం ఎక్కువ. వాటికి పళ్ళు పుచ్చడం తక్కువ, గార పట్టడం ఎక్కువ కావడానికి అదొక కారణం. మీరు చూసిన పెద్ద పన్ను పై దవడ నాలుగో ప్రీమోలార్ (కోరపన్ను వెనక వచ్చే నమిలే పళ్ళలో నాలుగోది) అయ్యుంటుంది. లాలాజలం వచ్చే నాళం బుగ్గలో దాని పక్కనే తెరుచుకుంటుంది, గార ముందు అక్కడే పేరుకుంటుంది.

కంటికి కనపడే గార కంటే కనపడకుండా చిగురు కిందికి దూరిన పాచి ప్రమాదం. గాలి అందని ఆ సందులో పెరిగే బాక్టీరియా గంధకపు వాయువులు వదులుతుంది. మీ ముక్కుకి తగిలే కంపు అదే. ఆ బాక్టీరియాతో ఒళ్ళు పోరాడే క్రమంలో పంటిని పట్టి ఉంచే ఎముక కూడా కరిగిపోతుంది. పంటికీ చిగురుకీ మధ్య సందు మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. మత్తులో ఉన్న కుక్కకి ప్రోబ్ (సందు లోతు కొలిచే సన్నటి కడ్డీ) పెడితే 8 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు దిగిపోవడం నేను చూస్తూనే ఉంటాను.

చిగుళ్ళ వాపు దగ్గరే పట్టుకుంటే పూర్తిగా తగ్గుతుంది. ఎముక కరగడం మొదలయ్యాక పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి. పంటి ఆధారం సగానికి పైగా పోతే నాలుగో దశ అంటాం. అలాంటి పన్ను తీసేస్తేనే దానికి సుఖం.

ఇంకొకటి, ముసలితనానికి సొంత వాసన ఏమీ లేదు. మూడేళ్ళు దాటిన కుక్కల్లో చాలా వాటికి ఈ జబ్బు ఎంతో కొంత మొదలై ఉంటుంది. మనం పెదవి ఎత్తి చూడం కాబట్టి పదేళ్ళకి కంపు రూపంలో తెలుస్తుంది.

నాలుగుకాళ్ళు
దీనికి మత్తు ఎందుకండీ. మా వాడికి మత్తు లేకుండానే గీకించాం. ఇద్దరు పట్టుకున్నారు, అరగంటలో పళ్ళు మల్లెమొగ్గల్లా అయ్యాయి. 11 ఏళ్ళ ప్రాణిని పడుకోబెట్టి రిస్క్ తీసుకోవడం నాకు నచ్చదు.

వాన_వెలిసింది
నాలుగుకాళ్ళు గారూ, మేమూ రెండేళ్ళు అలాగే చేయించాం. ప్రతిసారీ పళ్ళు తళతళా మెరిసేవి, మేం సంతోషంగా ఇంటికొచ్చేవాళ్ళం. ఈలోపు మా గుండుకి తుమ్ములు మొదలయ్యాయి. అలర్జీ అనుకుని మందులు వాడాం. ఒక రోజు తెల్ల దుప్పటి మీద తుమ్మితే ఎర్ర చుక్కలు పడ్డాయి, ఎడమ ముక్కులోంచే. ఎక్స్‌రే తీస్తే పై కోరపన్ను వేరు చుట్టూ ఎముకే లేదు. నోటికీ ముక్కుకీ మధ్య రంధ్రం పడింది. నీళ్ళు తాగితే ముక్కులోకి పోతున్నాయి, అందుకే ఆ తుమ్ములు. పైకి మాత్రం ఆ కోరపన్ను తెల్లగా, అందంగా ఉంది.

పన్ను తీసి, చిగురు లాగి రంధ్రం మూసి కుట్టారు. తుమ్ములు ఆగిపోయాయి.

వెట్_డైరీ
వాన_వెలిసింది గారు చెప్పినది పొడుగు ముక్కు చిన్న జాతుల్లో, ముఖ్యంగా డాక్స్‌హుండ్‌లలో, తరచుగా చూస్తాం. మెలకువగా ఉన్న కుక్క చిగురు కింద ఎవరూ శుభ్రం చెయ్యలేరు. ఎక్స్‌రే తియ్యలేరు, సందు కొలవలేరు. పైన గీకితే మనకి అందం, దానికి నొప్పి, భయం. పైగా గీకిన చోట గీతలు పడి, పాలిష్ చెయ్యకపోతే పాచి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అమెరికన్ వెటర్నరీ డెంటల్ కాలేజీ, పశువైద్యుల ప్రపంచ స్థాయి సంఘమైన డబ్ల్యూఎస్ఏవీఏ, రెండూ మత్తు లేకుండా గీకడం వద్దనే చెప్తున్నాయి.

చిట్టి_తోక
నాలుగుకాళ్ళు గారూ, మీ వాడికి గీకించాక వాసన పోయిందా?

నాలుగుకాళ్ళు
ఒక నెల బాగానే ఉంది. మళ్ళీ వస్తోంది. తిండి మార్చినందుకేమో అనుకున్నాను.

చిట్టి_తోక
తిండి వల్ల వచ్చే వాసన అయితే తిన్న కాసేపటికి పోవాలండీ. పొద్దున్నే, ఏమీ తినకముందు ఒకసారి వాసన చూడండి.

ఒంటరి_తీరం
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా బంగారి 13 ఏళ్ళది. పళ్ళ కోసమే తీసుకెళ్ళాం. మత్తులోంచి బయటికి రాలేదు. పొద్దున తోకాడించుకుంటూ కారెక్కింది. ఇక్కడ అందరూ చేయించండి చేయించండి అంటుంటే ఈ మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలనిపించింది. భయపడేవాళ్ళని తేలిగ్గా తీసుకోకండి.

పాతకాపు
చెప్పినందుకు మంచి పని చేశారు. బంగారి గురించి చాలా బాధగా ఉంది.

వెట్_డైరీ
ఒంటరి_తీరం గారూ, మీ బాధని ఏ లెక్కతోనూ కొట్టిపారెయ్యను. భయం సహజం, అది ఉండాలి కూడా. భయం ఉన్నవాళ్ళే సరైన ప్రశ్నలు అడుగుతారు.

బ్రిటన్‌లో 98 వేలకి పైగా కుక్కల్ని గమనించి 2008లో ఒక పెద్ద అధ్యయనం అచ్చేశారు. మత్తు తర్వాత 48 గంటల్లోపు మత్తుతో ముడిపడిన మరణాలు మొత్తం మీద 0.17 శాతం. ఆరోగ్యంగా ఉన్నవాటిలో 0.05 శాతం, జబ్బుతో ఉన్నవాటిలో 1.33 శాతం. తేడా చూడండి, ఇరవై రెట్ల పైనే. అందుకే వయసుని చూసి ఒద్దనడం కంటే లోపల ఏ జబ్బు దాగుందో ముందే వెతకడం ముఖ్యం. ప్రాణాలు పోయినవాటిలో దాదాపు సగం మత్తు దిగే సమయంలో, ఆ తర్వాత కొన్ని గంటల్లో పోయాయి. ఆపరేషన్ అయిపోయింది కదా అని పక్కన వదిలెయ్యకూడదు, పూర్తిగా తేరుకునే దాకా ఒక మనిషి దగ్గరుండాలి.

రాజా విషయంలో ఇవి అడగండి. ముందుగా రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చేస్తారా? గుండె విని, శబ్దం తేడాగా ఉంటే స్కాన్ చేయిస్తారా? సెలైన్ పెడతారా? గొంతులోకి ట్యూబ్ వేస్తారా? గార తీసే పరికరం, స్కేలర్, నుంచి నీళ్ళు చిమ్ముతాయి, ట్యూబ్ లేకపోతే ఆ మురికి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బీపీ, ఆక్సిజన్, ఒంటి వేడి ఎవరు చూస్తారు? ఆ మనిషి పళ్ళు శుభ్రం చేసే మనిషి కాకుండా వేరే ఉండాలి. 9 కిలోల ప్రాణి తొందరగా చల్లబడిపోతుంది, వెచ్చగా ఉంచే ఏర్పాటు ఉందా? పళ్ళు తీసేచోట దవడకి నరం దగ్గర మత్తు సూది వేస్తారా? అలా వేస్తే మొత్తం మత్తు తక్కువ సరిపోతుంది.

వీటికి విసుక్కోకుండా జవాబిచ్చే చోటికి వెళ్ళండి.

ఒంటరి_తీరం
మా దానికి ఆ రోజు రక్త పరీక్ష చెయ్యలేదు. అడగాలని మాకు తెలీదు. రాజా వాళ్ళమ్మాయి గారూ, మీరు అడగండి. ఈ జాబితా మొత్తం కాయితం మీద రాసుకుని వెళ్ళండి.

రాజా_వాళ్ళమ్మాయి
రాసుకున్నాను. బంగారి పేరు కూడా ఆ కాయితం మీదే రాసుకున్నాను అండీ.

నీలిగంట
మధ్యలో దూరుతున్నా. మా జూలీకి 12. దాని నోట్లో గార పెద్దగా లేదు, కానీ వాసన ఉంది. కుళ్ళు వాసన కాదు, ఘాటుగా, మూత్రం లాగా. నీళ్ళు కూడా బకెట్లు బకెట్లు తాగుతోంది.

వెట్_డైరీ
నీలిగంట గారూ, ఈ చర్చ అయిపోయే దాకా ఆగకండి. రేపే రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. కిడ్నీలు దెబ్బతింటే నోటికి అలాంటి వాసన వస్తుంది. నీళ్ళు ఎక్కువ తాగడం దానికి తోడు.

తియ్యగా, పండిన పండులాగా, గోళ్ళ రంగు చెరిపే ద్రవంలాగా వాసన వస్తే, కుక్క నీరసంగా వాంతులు చేసుకుంటుంటే మధుమేహం ముదిరిందేమో చూడాలి. అది ఆ పూటే వెళ్ళాల్సిన పని.

మబ్బుతునక
మా వాడికి ఒక్క రోజులో వచ్చింది వాసన. ముందు రోజు లేదు. నోరు తెరిస్తే పుల్ల ముక్క ఒకటి పై అంగిట్లో, రెండు దవడ పళ్ళ మధ్య అడ్డంగా, దూలం వేసినట్టు ఇరుక్కుంది. ఎన్నాళ్ళు ఉందో. హఠాత్తుగా వస్తే అది కూడా చూడండి.

కొండగాలి
స్పేనియల్ ఉన్నవాళ్ళు కింది పెదవి మడత విప్పి చూడండి. మేం రెండు నెలలు పళ్ళనే అనుమానించాం. ఆ మడతలో తేమ నిలిచి చర్మం పుండు పడింది. పళ్ళు బానే ఉన్నాయి.

పాతకాపు
ఒక వైపు నుంచే వాసన, జొల్లులో రక్తం, ఒక పన్ను మాత్రమే కదలడం, చిగురు మీద కండ పెరగడం... వీటిలో ఏది కనపడినా ఆగకండి. మా పెద్ద కుక్కకి నల్లగా గింజంత మచ్చ చిగురు మీద వచ్చింది. రంగే అనుకున్నాం. మెలనోమా. నోట్లో వచ్చే కేన్సర్లలో కుక్కలకి ఎక్కువగా వచ్చేది అదే అన్నారు. నల్లగానే ఉండాలని లేదు, గులాబీ రంగులో కూడా ఉంటుందట. మాకు ఆలస్యమైంది.

బొమ్మ_బంతి
ఇవన్నీ చదివి భయమేసి మా వాడికి ఈ రోజే బ్రష్ చేశాను. ఇంట్లో ఉన్న మన టూత్‌పేస్టే, బఠాణీ గింజంత. రుచి నచ్చినట్టుంది, నాకేశాడు.

వెట్_డైరీ
బొమ్మ_బంతి గారూ, ఆపండి. ట్యూబు వెనక చదివి అందులో జైలిటాల్ (తీపి కోసం కలిపే పదార్థం) ఉందేమో ఇప్పుడే చూడండి. జైలిటాల్ కుక్కలకి విషం, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. ఉంటే వెంటనే దగ్గర్లో ఉన్న డాక్టరుకి ఫోన్ చేసి పేస్టు పేరు, కుక్క బరువు చెప్పండి. లక్షణాల కోసం ఎదురు చూడొద్దు. లేకపోయినా ఇక వాడకండి. మన పేస్టు ఉమ్మెయ్యడానికి చేసింది, కుక్క ఉమ్మదు. రోజూ మింగితే ఫ్లోరైడ్, నురగ వచ్చే రసాయనాలు పొట్టలోకే పోతాయి.

బొమ్మ_బంతి
చూశాను, జైలిటాల్ లేదు. చేతులు వణికాయి. అయినా డాక్టరుకి చేసి అడిగాను, ఆ కొంచెంతో ఏం కాదు, గమనించండి అన్నారు. పేస్టు అటక మీద పెట్టేశాను.

చిట్టి_తోక
హమ్మయ్య. కుక్కల పేస్టు కొనేదాకా వట్టి నీళ్ళలో తడిపిన మెత్తటి బ్రష్ చాలు. పని చేసేది రుద్దడమే, పేస్టు రుచి కోసం.

గంపెడు_బొచ్చు
ఎముక ఇస్తే గార తనే రాలిపోతుంది కదా? ఈ బ్రష్‌లు లేని రోజుల్లో కుక్కలు బతకలేదా?

వాన_వెలిసింది
బతికాయి, పళ్ళ నొప్పితో. ఎవరూ నోరు తెరిచి చూడలేదు, అంతే తేడా.

వెట్_డైరీ
గంపెడు_బొచ్చు గారూ, ఎముక కొరికితే కొంత గార రాలే మాట నిజమే. పన్ను కూడా పగులుతుంది, అదీ నిజమే. ఇందాక చెప్పిన నాలుగో ప్రీమోలార్ బయటి వైపు పలకలా చీలిపోతుంది. లోపలి గుజ్జు బయటపడి, వేరు దగ్గర చీము పట్టి, కొన్నాళ్ళకి కంటి కింద వాపు వస్తుంది. ఆ వాపు చూసి కంటి జబ్బు అనుకుని కంటి చుక్కలు వేసి తెస్తారు. గోరుతో నొక్కితే కొంచెమైనా నొక్కు పడని వస్తువు నమలడానికి ఇవ్వకండి. ఎముక, కొమ్ము, గిట్ట, అన్నిటికీ ఇదే లెక్క. ముసలి కుక్కకైతే అసలే వద్దు.

కొనేవాటిలో వీఓహెచ్‌సీ ముద్ర ఉందేమో చూడండి. పశువుల నోటి ఆరోగ్యం కోసం 1997 నుంచి ఉన్న మండలి అది, పాచి గానీ గార గానీ నిజంగా తగ్గుతుందని పరీక్షల్లో తేలిన వాటికే ముద్ర ఇస్తారు.

గంపెడు_బొచ్చు
కంటి కింద వాపా? మా దానికి పోయినేడాది వచ్చి, ఆంటీబయోటిక్ వేస్తే తగ్గింది. పన్ను ఎవరూ చూడలేదు.

వెట్_డైరీ
చూపించండి. మందుకి చీము తగ్గుతుంది, పగిలిన పన్ను అలాగే ఉంటుంది. మళ్ళీ వస్తుంది. నోటి కంపుకి కూడా ఇంతే, మందు వేసిన వారం హాయిగా ఉంటుంది, ఆపగానే మొదటికొస్తుంది.

రాజా_వాళ్ళమ్మాయి
వెళ్ళొచ్చాం. కాయితం తీసి ఒక్కొక్కటీ అడిగాను. డాక్టరు గారు కుర్చీ లాక్కుని కూర్చుని అన్నిటికీ చెప్పారు. గుండెలో మర్మర్, అంటే అదనపు శబ్దం, ఉందట, మాకు తెలీనే తెలీదు. స్కాన్ చేశారు. కవాటం కొంచెం కారుతోంది కానీ గుండె ఉబ్బలేదు, జాగ్రత్తగా మత్తు ఇవ్వచ్చన్నారు. కిడ్నీ, కాలేయం లెక్కలు బాగున్నాయి. వచ్చే వారం పెట్టుకున్నాం.

నాన్న ఒప్పుకోలేదు. "ఉన్న రోజులు ప్రశాంతంగా ఉండనివ్వు, ఎందుకు కోయించడం" అంటున్నారు. వాడంటే ఆయనకి ప్రాణం, అందుకే ఆ మాట. నాకూ మనసు పీకుతోంది.

పాతకాపు
ప్రశాంతంగా ఉన్నాడా ఇప్పుడు? నాన్నగారిని ఒక్క పూట రాజా తింటుంటే పక్కన కూర్చోమనండి.

ఒంటరి_తీరం
నేనైతే చేయించమనే చెప్తాను. పరీక్షలన్నీ చేశారు, గుండె చూశారు. మాకు జరిగింది మీకు జరగాలని లేదు. ఆ రోజు ఏ టైముకి మొదలుపెడతారో ఇక్కడ రాయండి.

రాజా_వాళ్ళమ్మాయి
గురువారం పొద్దున 9కి.

ఒంటరి_తీరం
9 అయింది. తలుచుకుంటున్నాను.

చిట్టి_తోక
నేను కూడా.

నాలుగుకాళ్ళు
ఏమైంది? ఎవరూ రాయలేదు?

రాజా_వాళ్ళమ్మాయి
లేచాడు. ఇంటికొచ్చాం. రేపు వివరంగా రాస్తా. నా ఒళ్ళో పడుకున్నాడు, టైపు చెయ్యడానికి ఒక చెయ్యే ఉంది.

ఒంటరి_తీరం
చాలు. అది చాలు.

రాజా_వాళ్ళమ్మాయి
ఇప్పుడు రాస్తున్నా. రెండున్నర గంటలు పట్టింది. నోరంతా ఎక్స్‌రే తీశారు. 8 పళ్ళు తీశారు. ఎడమ పై నాలుగో ప్రీమోలార్‌కి మూడు వేర్లుంటాయట, మూడింటి చుట్టూ ఎముక పోయింది. డాక్టరు గారు తెర మీద చూపించారు, వేరు చుట్టూ నల్లటి ఖాళీ. కింది దవడలో ఒక పెద్ద పన్ను దగ్గర ఎముక అంచు సన్నగా మిగిలింది. చిన్న జాతి కుక్కలకి ఆ చోట పంటి వేరు దవడ ఎత్తంతా ఆక్రమించి ఉంటుందని, ఇంకొన్నాళ్ళు వదిలేస్తే మంచం మీంచి దూకినా దవడ విరిగేదని చెప్పారు. మిగతా పళ్ళు చిగురు కింద దాకా శుభ్రం చేసి పాలిష్ చేశారు. కుట్లు కరిగిపోయేవే.

మొదటి రాత్రి మూలిగాడు. నొప్పి మందు సరిపోలేదేమో అనుకుని కంగారుపడి ఫోన్ చేశాను, మత్తు దిగేటప్పుడు అలా ఉంటుందన్నారు. తెల్లారేసరికి మూలుగు లేదు. మెత్తటి తిండి పెడితే నీళ్ళు తాగినట్టు తాగేశాడు.

తీసిన పళ్ళు చిన్న డబ్బాలో ఇచ్చారు. నాన్న బల్ల మీద కాయితం పరిచి వాటిని వరసగా పెట్టారు. పెద్ద పన్ను చేతిలోకి తీసుకుని దాని వేర్ల సందులో బూడిద రంగు మురికి చూశారు, ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే తీసేశారు. ఏమీ అనలేదు. సాయంత్రం నొప్పి మందు టైముకి నాకంటే ముందే ఆయన సిరంజి పట్టుకుని నిలబడ్డారు.

వాన_వెలిసింది
మన మందులు మాత్రం ఏవీ వెయ్యకండి అని మీ నాన్నగారికి చెప్పండి. ఐబుప్రోఫెన్ లాంటివి కుక్కలకి చాలా ప్రమాదం. ప్రేమతోనే వేసేస్తారు పెద్దవాళ్ళు.

రాజా_వాళ్ళమ్మాయి
చెప్పాను. డాక్టరు రాసిచ్చిన చీటీ గోడకి అంటించారు.

నీలిగంట
జూలీ రిపోర్టు వచ్చింది. కిడ్నీలే. మొదటి దశలు దాటింది కానీ తిండి మార్చి, మందులతో నెట్టుకు రావచ్చన్నారు. వెట్_డైరీ గారూ, ఆ రోజు మీరు రేపే వెళ్ళండి అని రాయకపోతే నేను బ్రష్ కొని ఊరుకునేదాన్ని.

వెట్_డైరీ
మీరు వాసన తేడా పట్టుకున్నారు, అదే మేలు చేసింది. ఆకలి తగ్గినా, వాంతులైనా వెంటనే చూపించండి.

నాలుగుకాళ్ళు
మా వాడిని తీసుకెళ్ళాను. మల్లెమొగ్గల్లాంటి పళ్ళే, వెనక రెండు కదులుతున్నాయి. వచ్చే నెల ఎక్స్‌రే, క్లీనింగ్, మత్తిచ్చే. ఆ కాయితం జాబితా నేనూ కాపీ చేసుకున్నాను.

రాజా_వాళ్ళమ్మాయి
మూడు వారాలైంది. చిగుళ్ళు మానాయి, బ్రష్ మొదలుపెట్టమన్నారు. ఎలా మొదలుపెట్టాలి? నోటి దగ్గరికి చెయ్యి పోతే ఇంకా తల తిప్పేస్తున్నాడు. పాత నొప్పి గుర్తున్నట్టుంది.

చిట్టి_తోక
బ్రష్ పక్కన పెట్టండి ఇప్పుడే. మొదటి వారం వట్టి వేలు. కుక్కల పేస్టు వేలికి రాసి నాకనివ్వండి, అంతే. రెండో వారం అదే వేలితో పెదవి కిందికి దూరి ముందు పళ్ళు ఒక్కసారి తుడిచి వదిలెయ్యండి. తర్వాత వేలికి గాజుగుడ్డ చుట్టండి. బ్రష్ నాలుగో వారం. ఎదురుగా నిలబడి మీద పడకండి, పక్కన నేల మీద కూర్చోండి. నోరు తెరవక్కర్లేదు, మూసి ఉన్న నోట్లోనే బుగ్గ వైపు రుద్దితే చాలు. పాచి ఎక్కువ పట్టేది ఆ బయటి వైపే. బ్రష్ చిగురు అంచుకి ఏటవాలుగా, 45 డిగ్రీల్లో పట్టుకోండి. రోజూ ఒకే టైముకి. ముప్పై సెకన్లు చేసినా రోజూ చెయ్యడం ముఖ్యం, ఆదివారం అరగంట చేస్తే లాభం లేదు.

మా చిట్టి ఇప్పుడు బ్రష్ డబ్బా చప్పుడు వింటే పరిగెత్తుకొస్తుంది. పేస్టు కోసమే వస్తోందని తెలుసు, అయినా సంతోషమే.

రాజా_వాళ్ళమ్మాయి
వేలుతో మొదలుపెట్టాం. నేను కాదు, నాన్న. నా చేతికి తల తిప్పేవాడు ఆయన చేతికి తిప్పట్లేదు. రాత్రి టీవీ ముందు నేల మీద కూర్చుని ఒక్కో పన్నూ లెక్కపెట్టుకుంటూ తుడుస్తున్నారు. మిగిలినవి 34 అట.

ఇంకో సంగతి, గుడ్డతో చేసిన తాడుబొమ్మ ఒకటి రెండేళ్ళ క్రితం సోఫా కింద పడేసి వదిలేశాడు. ఆట మీద మోజు పోయిందనుకున్నాం. నిన్న దాన్ని లాక్కొచ్చి నాన్న కాళ్ళ దగ్గర పెట్టాడు. డాక్టరు గారు ఇంకా లాగే ఆటలు వద్దన్నారు, అందుకని విసిరి తెమ్మంటున్నాం.

వెట్_డైరీ
ఇంకొన్నాళ్ళు లాగకండి. ఆరు నెలలకి ఒకసారి నోరు చూపించండి, గుండె కూడా అప్పుడే వినిపించుకోండి.

పసుపుపచ్చ
ఈ చర్చ ఇప్పుడే మొత్తం చదివాను. మా దానికి 8 ఏళ్ళు. చదువుతూనే లేచి వెళ్ళి పెదవి ఎత్తి చూశాను. ముందు పళ్ళు బాగున్నాయి. కుడి వైపు వెనక కొంచెం గోధుమ రంగు, చిగురు అంచున ఎర్ర గీత ఉంది. కంపు ఇంకా లేదు.

పాతకాపు
ఎడమ వైపు కూడా చూడండి. బాగా వెనక దాకా.